తెరచాటు నిప్పు

శ్రీకాళహస్తి గర్భగుడిలో గాలి చొరబడే సందు లేకపోయినా ఒక దీపం ఎప్పుడూ రెపరెపలాడుతుందని, అది వాయులింగం ఊపిరేనని భక్తుల నమ్మకం. దర్శనం చేసుకుని వచ్చినవాళ్ళు చాలామంది ఆ దీపం సంగతే ముందు చెబుతారు. గుడిలో దీపమైనా ఇంట్లో దీపమైనా చేసే పని ఒకటే. వత్తి వెంట ఎగబాకిన నూనె ఆవిరై విరిగిపోతుంది. అందులోంచి సన్నని మసి రేణువులు పుడతాయి. ఆ కార్బన్ రేణువులు బాగా కాగి పసుపుపచ్చని వెలుగునిస్తాయి. మంట అంచుకు చేరగానే గాలిలోని ఆక్సిజన్ వాటిని పట్టి మింగేస్తుంది. ఆ రెండూ ఎదురుపడితే ఆగడం ఉండదు. ఆ కలయికే మనం దండం పెట్టే అగ్ని.

అవే రెండూ ఒకదాన్నొకటి తాకకుండా కలిసే దారి ఇంకొకటుంది. అందులో మంట ఉండదు, పొగ ఉండదు. కలయికలో పుట్టిన శక్తి తీగ వెంట కరెంటుగా నడిచిపోతుంది. కరిగిన కార్బొనేటు లవణాల్లో బొగ్గు విద్యుత్ రసాయన పద్ధతిలో ఆక్సీకరణం చెందడం అనే చర్య అది. రసాయనశాస్త్రంలో ఇంతకన్నా ఉపయోగపడే చర్యలున్నాయి, ఇంతకన్నా రంగులు చూపేవి ఉన్నాయి. ఇంత చక్కగా కుదిరిన చర్య మాత్రం నాకు మరొకటి కనబడలేదు. ఆ చక్కదనం ఎక్కడుందో చెప్పాలనే ఈ రాత.

ముందు రంగస్థలం. దాదాపు 750 డిగ్రీల సెల్సియస్ వేడిలో లిథియం, సోడియం, పొటాషియం కార్బొనేట్లు కరిగి, రంగులేని తేట ద్రవంగా ఉంటాయి. ఆ ద్రవాన్ని పీల్చుకున్న జిర్కోనియా గుడ్డ నడుమ తెరలా నిలబడుతుంది. తెరకు ఒకవైపు మెత్తగా నూరిన బొగ్గు అదే లవణంలో ముద్దగా కలిసి, నురుగులా బోలుబోలుగా ఉన్న నికెల్ పలకకు ఆనుకుని ఉంటుంది. అది ఆనోడ్. రెండోవైపు ఆక్సీకరణం చెందిన నికెల్ పలక. దాని మీదుగా గాలి, కొంత కార్బన్ డయాక్సైడ్‌ను వెంటబెట్టుకుని వీస్తుంది. అది కాథోడ్. రెండు పలకలనూ బయట ఒక తీగ కలుపుతుంది. ఇదంతా కలిసి ఒక ఇంధన ఘటం. పాత్రలు ఇంతే.

ఇక కథ. కాథోడ్ దగ్గర ఒక ఆక్సిజన్ అణువు, రెండు కార్బన్ డయాక్సైడ్ అణువులు, తీగ వెంట వచ్చిన నాలుగు ఎలక్ట్రాన్లు కలిసి రెండు కార్బొనేటు అయాన్లవుతాయి. అవి ద్రవంలో ఈదుతూ, తెర దాటి, బొగ్గు దగ్గరికి చేరతాయి. అక్కడ ఒక కార్బన్ పరమాణువుకు చెరొక ఆక్సిజన్ ఇచ్చేస్తాయి. ఇచ్చినవి రెండూ కార్బన్ డయాక్సైడ్ అవుతాయి, పుచ్చుకున్నదీ కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. మొత్తం మూడు. వాటితోపాటు విడుదలైన నాలుగు ఎలక్ట్రాన్లు తీగ పట్టుకుని బయల్దేరతాయి. మూడు అణువుల్లో రెండు మళ్ళీ కాథోడ్‌కు వెళ్ళి కొత్త కార్బొనేట్లవుతాయి. ఒకటి బయటికి పోతుంది. ఆఖరి లెక్క చూస్తే ఒక కార్బన్, ఒక ఆక్సిజన్ అణువు ఖర్చయి ఒక కార్బన్ డయాక్సైడ్ వచ్చింది. దీపంలో జరిగిందీ అదే.

మన కావ్యాలు చాలావరకు అందరికీ తెలిసిన కథలే. నలుడు దమయంతిని పెళ్ళాడతాడని తెలిసే శ్రీనాథుణ్ణి చదువుతాం. తెలిసిన మొదలు నుంచి తెలిసిన చివరికి కవి మనల్ని ఏ దారిన తీసుకెళ్ళాడన్నదే అక్కడి ఆనందం. మంటకూ ఈ ఘటానికీ ఆదీ అంతం ఒక్కటే. సౌందర్యమంతా నడిపిన దారిలో ఉంది.

ఆ దారిని ఎలా అనుభవించాలో నేర్పేది తిరుపతి సాహిత్యమే. తిరుమల సంకీర్తన భాండారంలో తరతరాలు భద్రంగా ఉన్న రాగిరేకుల మీద అన్నమయ్య పాటలు అధ్యాత్మం, శృంగారం అని రెండు తెగలుగా ఉన్నాయి. శృంగార సంకీర్తనల్లో ఎన్నోచోట్ల మాట్లాడేది చెలికత్తె. అమ్మ అలకను అయ్యకు చెబుతుంది, అయ్య మాటను అమ్మకు చేరవేస్తుంది. నాయికా నాయకుల నడుమ దూరం ఉన్నంతసేపూ పాట పెరుగుతూనే ఉంటుంది. మన ఆలంకారికులు విప్రలంభానికి అంత పెద్దపీట వేసింది ఇందుకే. కలయిక రసాన్ని ముగిస్తుంది, ఎడబాటు దాన్ని పండిస్తుంది.

కార్బొనేటు అయాను ఈ ఘటంలో చెలికత్తె. గాలి బొగ్గును చూడదు, బొగ్గు గాలిని చూడదు. ఇద్దరికీ నడుమ తిరిగేది తానొక్కతే. అయితే ఏ కవీ తన చెలికత్తెకు ఇవ్వని భాగ్యం ఈమెకుంది. కార్బొనేటులో ఉన్నది ఏనాడో ఆక్సిజన్‌ను పొందిన కార్బనే. తాను పొందిన కలయికను, ఇంకా పొందని కార్బన్ దగ్గరికి మోసుకొస్తుంది. బొగ్గు పరమాణువు మరికాసేపట్లో ఏమవుతుందో, ఇంచుమించు ఆ రూపంలోనే దూతిక దాని ముందు నిలబడుతుంది. ఆక్సిజన్ చేతులు మారాక మూడు కార్బన్ డయాక్సైడ్ అణువులు ఒకే పోలికతో లేస్తాయి. వాటిలో దూతికలెవరు, నాయిక ఎవరు? చూసి చెప్పలేం. కాథోడ్‌కు తిరిగి వెళ్ళే రెండింటిలో ఇప్పుడే పుట్టినదీ ఉండవచ్చు. అప్పుడు నిన్నటి నాయిక నేటి చెలికత్తె అవుతుంది, తన కథను మరొకరికి చెప్పడానికి బయల్దేరుతుంది. ఈ మలుపు దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఈ ఎడబాటు ఊరికే పోదు. మంటలో కార్బన్ ఎలక్ట్రాన్లు సూటిగా ఆక్సిజన్ వైపు ఒరిగిపోతాయి. ఆ ఒరుగుదలలోని బలమంతా వేడిగా చెదిరిపోతుంది. ఆ వేడితో నీళ్ళు కాచి, ఆవిరి పుట్టించి, టర్బైన్ తిప్పి, ఆ తిప్పడంలోంచి మళ్ళీ కరెంటు పిండుకోవాలి. ఈ ఘటంలో ద్రవం అయాన్లను రానిస్తుంది, ఎలక్ట్రాన్లను రానివ్వదు. తెర అడ్డంగా ఉంది. కనుక ఎలక్ట్రాన్లు బయటి తీగ వెంట చుట్టూ తిరిగి ఆక్సిజన్‌ను చేరాలి. ఆ చుట్టుదారి మీదే బల్బు వెలుగుతుంది, మోటారు తిరుగుతుంది. దూరం లేకపోతే వెలుగు లేదు. విరహం పని చేస్తుందని కవులు నమ్మారు. ఇక్కడ ఆ పనిని వాట్లలో కొలవవచ్చు.

దూతిక రూపం కూడా చూడదగ్గది. నడుమ ఒక కార్బన్, చుట్టూ మూడు ఆక్సిజన్లు, అన్నీ ఒకే తలంలో, 120 డిగ్రీల సమాన ఎడంతో. ఉన్న ఋణావేశాలు రెండు, పంచుకోవలసిన ఆక్సిజన్లు మూడు. ఎవరి వాటా ఎక్కువ కాదు, ఎవరి వాటా తక్కువ కాదు. మూడు బంధాలదీ ఒకే పొడవు. ఈ త్రిభుజం మన ప్రాంతానికి పరాయిది కాదు. శ్రీహరికోటను ఆనుకున్న పులికాట్ సరస్సులోని గుల్లలు కాల్షియం కార్బొనేటు. కడప సున్నపురాయిలో ఉన్నదీ అదే. కట్టెల పొయ్యిలో మిగిలిన బూడిదలో పొటాషియం కార్బొనేటు ఉంటుంది. ఆ బూడిదతో తోమితే గిన్నెల జిడ్డు వదిలేది దానివల్లే. చౌడు నేలల మీద ఎండకు పేరే తెల్లని పొరలో సోడియం కార్బొనేటు ఉంటుంది. బట్టల మురికి వదలగొట్టడానికి ఊళ్ళలో ఆ చౌడునే వాడేవారు. గుల్లలో, రాతిలో ఈ త్రిభుజాలు వరసలు కట్టి కదలకుండా ఉంటాయి. కరిగిన లవణంలో అవే విడివడి తిరుగుతాయి.

అవి కరగడంలోనూ ఒక విశేషం ఉంది. ఒంటరిగా ఉంటే లిథియం కార్బొనేటు 720 డిగ్రీలు దాటితే గాని కరగదు. సోడియంది 850 దాటాలి, పొటాషియంది 890 దాటాలి. మూడింటినీ తగిన పాళ్ళలో కలిపితే 400 డిగ్రీలు రాకముందే, సుమారు 397 దగ్గర, మొత్తం ఒక్కసారిగా ద్రవమవుతుంది. ఆ పాళ్ళు మోల్ లెక్కన నూటికి లిథియం లవణం 43.5, సోడియం లవణం 31.5, పొటాషియం లవణం 25. కారణం సూటిగానే ఉంది. మూడు లోహ అయాన్లూ ఒక కుటుంబానివే అయినా పరిమాణాలు వేరు. లిథియం అందరిలోకీ చిన్నది, పొటాషియం పెద్దది. గడ్డకట్టాలంటే ఒకే పద్ధతి వరస కుదరాలి, ఒకదాని వరసలో మరొకటి ఇమడదు. ద్రవంగా ఉంటేనే ముగ్గురికీ చోటు. మూడు లవణాలను విడివిడిగా కరిగించలేని వేడి, మూడూ కలిసినచోట సునాయాసంగా కరిగిస్తుంది. ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణమన్న క్షేమేంద్రుడు ఈ పాళ్ళను చూసి ఉంటే, ఏది ఎంత ఉండాలో అంతే ఉండటానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ వెతికేవాడు కాదు.

బొగ్గు దగ్గర జరిగే చర్య నడకను కూడా వినాలి. కార్బొనేటు విడిపోయి ఆక్సైడ్ అయానును వదులుతుంది. బొగ్గు అంచున సరైన చోటు దొరికితే మొదటి ఆక్సిజన్ చప్పున అంటుకుంటుంది, ఎలక్ట్రాన్లు రెండు చకచకా విడుదలవుతాయి. అదంతా ద్రుతం. రెండో ఆక్సిజన్ వచ్చి అంటుకునే ఘట్టం విలంబం. చర్య మొత్తం వేగాన్ని ఆ విలంబమే నిర్ణయిస్తుందని పరిశోధకులు ప్రతిపాదించారు. అది దాటాక మిగిలిన ఎలక్ట్రాన్లు వెళ్తాయి, కార్బన్ డయాక్సైడ్ బొగ్గును వదిలి బుడగగా లేస్తుంది. ఇక్కడ బొగ్గు స్వభావం కూడా లెక్కకొస్తుంది. పొరలు పొరలుగా తీర్చి పేర్చిన గ్రాఫైటు ఈ పిలుపుకు తొందరగా పలకదు. క్రమం చెదిరి, అంచులు తెగి, తెరుచుకున్న చోట్లు ఎక్కువగా ఉన్న కార్బన్ త్వరగా పలుకుతుంది. ప్రమిద మీద మూకుడు బోర్లించి పట్టే కాటుక అటువంటి కార్బనే.

ఇక అన్నిటికన్నా లోతైన సౌందర్యం లెక్కలో ఉంది. ఎంత పనితనం ఉన్న కంసాలి చేసినా నగలో కొంత తరుగు పోతుంది. ఇంధనంలోని శక్తిని విద్యుత్తుగా మార్చేటప్పుడు ప్రకృతి కూడా తరుగు తీస్తుంది. 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి ఎగిరిన పీఎస్‌ఎల్‌వీ-సీ58 చివరి దశను ఇస్రో కక్ష్యలో పోయెమ్-3 అనే వేదికగా వాడుకుని, దాని మీద హైడ్రోజన్ ఇంధన ఘటాన్ని పరీక్షించింది. 100 వాట్ల తరగతి ఘటం అది, 180 వాట్ల విద్యుత్తునిచ్చింది. మన తిరుపతి జిల్లా నేల మీద నుంచి వెళ్ళిన ఆ ఘటంలోనూ ఇంధనం, ఆక్సిజన్ తెరకు చెరోవైపునే ఉన్నాయి. అదీ గొప్ప పనే. కాని హైడ్రోజన్ ఆక్సిజన్‌తో కలిసి నీళ్ళయినప్పుడు మోలుకు 286 కిలోజౌళ్ళు విడుదలైతే, ఎంత గొప్ప ఘటమైనా అందులో విద్యుత్తుగా తీసుకోగలిగేది 237 మాత్రమే. నూటికి 83. స్వేచ్ఛగా తిరిగే మూడు వాయు అణువులు రెండు నీటి అణువులై ద్రవంలో ముడుచుకుపోతాయి. ఆ ముడుచుకోవడానికి చెల్లించే తరుగు అది.

కార్బన్ దగ్గర ఆ తరుగు లేదు. కార్బన్ ఘనం. వాయువుగా వచ్చింది ఒక ఆక్సిజన్ అణువు, వాయువుగా పోయింది ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు. వచ్చినదానికి పోయినదానికి సరి. ఎంట్రోపీ దాదాపు మారలేదు. 12 గ్రాముల కార్బన్ కాలితే వచ్చే వేడి 393.5 కిలోజౌళ్ళు. విద్యుత్తుగా తీసుకోదగ్గది 394.4. తరుగు లేకపోగా వెంట్రుకవాసి మిగులు, ఆ మిగులును ఘటం చుట్టూ ఉన్న వేడి నుంచి తెచ్చుకుంటుంది. అందుకే ఈ ఘటం సిద్ధాంతరీత్యా ఇవ్వగల వోల్టేజీ, సుమారు 1.02 వోల్టులు, గది వేడిలో ఎంతో 750 డిగ్రీల్లోనూ ఇంచుమించు అంతే. ఇంకొక సుగుణం కూడా ఉంది. వాయు ఇంధనం వాడుతున్నకొద్దీ పలచబడి బలం తగ్గుతుంది. ఘనమైన కార్బన్ పలచబడదు. ఆఖరి రేణువు కూడా మొదటి రేణువంత బలంగానే నెడుతుంది. నిజమైన ఘటంలో ద్రవం నిరోధం, ఆ విలంబ ఘట్టం కొంత వోల్టేజీని తినేస్తాయి. అయినా అమెరికాలో లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో జాన్ కూపర్, నెరీన్ చెరెపీ బృందం 2000ల తొలి ఏళ్ళలో చిన్న ఘటాలను 0.8 వోల్టుల దగ్గర నడిపింది. అంటే దాదాపు 80 శాతం సామర్థ్యం. కిలో శుద్ధ కార్బన్‌లో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. 80 శాతం లెక్కన అందులో 7 యూనిట్లకు పైగా తీగలోకి వస్తుంది. 40 శాతం సామర్థ్యమున్న థర్మల్ కేంద్రం అదే కార్బన్ నుంచి ఇచ్చేది మూడున్నర యూనిట్లు.

ఈ చర్య చరిత్రలోనూ నాటకీయత ఉంది. 1855లోనే బెకెరెల్ అనే శాస్త్రవేత్త కరిగిన నైట్రేటులో కార్బన్ కడ్డీ ముంచి కరెంటు తీశాడు. 1894లో రసాయనశాస్త్రవేత్త విల్‌హెల్మ్ ఆస్ట్‌వాల్డ్ బొగ్గును కాల్చకుండా నేరుగా విద్యుత్తుగా మార్చడమే రానున్న కాలపు పని అని ఎలుగెత్తి చెప్పాడు. రెండేళ్ళకు, 1896లో, అమెరికాలో విలియం జాక్స్ ఇనుప కుండలో కాస్టిక్ సోడా కరిగించి, కార్బన్ కడ్డీ నిలిపి, అడుగు నుంచి గాలి ఊది కరెంటు తీసి లోకాన్ని అబ్బురపరిచాడు. ఆ ఘటం నిలవలేదు. పుట్టిన కార్బన్ డయాక్సైడ్‌ను కాస్టిక్ సోడా పీల్చుకుని, మెల్లమెల్లగా కార్బొనేటుగా మారి, తన గుణం కోల్పోయింది. జాక్స్ కుండలో కార్బొనేటు విషం. కొన్నేళ్ళ తర్వాత, 1921 ప్రాంతంలో, జ్యూరిచ్‌లో ఎమిల్ బౌర్ ఆ విషాన్నే పాత్ర నిండా పోశాడు. కార్బన్ డయాక్సైడ్ వచ్చి కార్బొనేటును పాడు చేయలేదు, ఎందుకంటే కార్బొనేటు పుట్టుకలోనే అది ఉంది. క్షీరసాగరంలో ముందు పుట్టిన హాలాహలానికి గరళకంఠుడు చోటిచ్చినట్టు, బౌర్ దానికి తగిన చోటు చూపించాడు. ఆ తర్వాత 1970ల్లో అమెరికాలోని ఎస్‌ఆర్‌ఐ పరిశోధన సంస్థలో ఈ పని మళ్ళీ ఊపందుకుంది. మనకు దగ్గరలో, 1948లో పునాది పడిన కారైకుడి కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ కరిగిన కార్బొనేటు ఇంధన ఘటాల మీద పని చేసింది.

గుణాలు చెప్పిన నోటితో దోషాలూ చెప్పాలి. వేడి 700 డిగ్రీలు దాటుతున్నకొద్దీ కార్బన్ డయాక్సైడ్ బొగ్గుతో కలిసి కార్బన్ మోనాక్సైడ్ అవడం పెరుగుతుంది. నాలుగు ఎలక్ట్రాన్లు ఇవ్వవలసిన కార్బన్ అప్పుడు రెండే ఇచ్చి పోతుంది, లేదా ఏమీ ఇవ్వకుండానే పోతుంది. వేడి తగ్గిస్తే నడక మందగిస్తుంది. రెంటి నడుమ ఇరుకు దారిలోనే ఘటం నడవాలి. కాథోడ్ నికెల్ ఆక్సైడ్ ద్రవంలో కొద్దికొద్దిగా కరుగుతుంది. బొగ్గులో గంధకం ఉంటే నికెల్‌ను కొరుకుతుంది. మన దేశపు గని బొగ్గులో బూడిద ఎక్కువ. అందులోని సిలికా కార్బొనేటుతో కలిసి సిలికేటు అవుతుంది, దూతికను దారిలోనే బంధిస్తుంది. ఘన ఇంధనాన్ని ఆగకుండా అందించడం కూడా తేలిక కాదు. ఈ కారణాలవల్లే బొగ్గు ఘటం ప్రయోగశాల గడప దాటి ఊరికి కరెంటు ఇచ్చే స్థాయికి రాలేదు.

అయినా ఈ దోషాల్లో కొన్నిటిని మోసుకొచ్చేది గని బొగ్గే. కట్టె బొగ్గు వేరు. సీమలో బీళ్ళనూ చెరువుగట్లనూ ఆక్రమించిన సర్కారు తుమ్మను నరికి, బట్టీల్లో కాల్చి బొగ్గు చేస్తారు. ఆ బొగ్గులో గంధకం స్వల్పం, బూడిద తక్కువ. ఉన్న బూడిదలోనూ ఎక్కువ పాలు పొటాషియం, కాల్షియం కార్బొనేట్లే, అంటే పాత్రలో ఉన్న లవణానికి చుట్టాలే. ఆ చెట్టు కార్బన్‌ను నిన్నమొన్న గాలిలోంచే తీసుకుంది. ఘటం నుంచి బయటికి పోయే కార్బన్ డయాక్సైడ్‌లో గాలిలోని నత్రజని కలిసి ఉండదు, ఎందుకంటే గాలి తెరకు అవతలే ఆగిపోయింది. పొగగొట్టంలోంచి వచ్చే పొగలో కార్బన్ డయాక్సైడ్‌ను వేరుచేయడానికి ఎంత శక్తి ఖర్చవుతుందో తెలిసినవాళ్ళకు ఈ శుభ్రత విలువ తెలుస్తుంది. ఇక్కడ అది చర్య నిర్మాణంలోంచే అడక్కుండా వచ్చింది.

తిరుపతికి ఎలక్ట్రోకెమిస్ట్రీ కొత్త కాదు. కరకంబాడి అమరరాజా కర్మాగారంలో తయారయ్యే సీసపు బ్యాటరీలోనూ రెండు పలకల నడుమ తెర ఉంది, తెర దాటే అయాన్లున్నాయి, చుట్టుదారి పట్టే ఎలక్ట్రాన్లున్నాయి. ఆ బ్యాటరీ తనలో దాచుకున్నదాన్నే ఇచ్చి మళ్ళీ ఛార్జింగు అడుగుతుంది. కార్బన్ ఘటం బొగ్గు అందినంతసేపూ ఇస్తుంది. 1954 నుంచి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఇక్కడుంది, 2015 నుంచి ఐఐటీ, ఐసర్ ఉన్నాయి. అక్కడ చదువుకునే పిల్లలకు ఈ చర్యను పరీక్షలో రాయవలసిన సమీకరణంగా మాత్రమే చూపడం అన్యాయం. పద్యం చెప్పినట్టు చెప్పాలి. ముందు పదవిభాగం, ఏ అయాను ఎక్కడి నుంచి వచ్చింది. తర్వాత అన్వయం, ఏది దేన్ని చేరుతోంది. ఆ పైన తాత్పర్యం, ఎందుకు తరుగు లేదు. అలా చదివినవాడికి సిలికా ఎందుకు దోషమో, విలంబ ఘట్టాన్ని ఎలా తేలిక చేయాలో తనంతట తనకే ప్రశ్నలు పుడతాయి. రసం తెలిసినవాడికే లోపం బాధిస్తుంది, బాధించినవాడే దాన్ని దిద్దుతాడు. ఈ ఘటం నూట డెబ్భై ఏళ్ళుగా అటువంటి చేతుల కోసమే చూస్తోంది. కట్టె బొగ్గు, బూడిద, సున్నపురాయి రోజూ చూస్తూ పెరిగిన మన పిల్లల చేతులు అందుకు తగినవని నా నమ్మకం.